మిన్నీ బే నుంచి ఒక దరఖాస్తు

అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ భోజనశాల ముందు మధ్యాహ్నం పన్నెండున్నరకు నిలబడితే తెలుగు రాజకీయాల నాడి తెలిసిపోతుందని ఢిల్లీలోని పాత్రికేయ మిత్రులు అంటుంటారు. చేతిలో ఫైలు ఉన్నవాడు కాంట్రాక్టరు; శాలువా ఉన్నవాడు పదవిని ఆశించి వచ్చినవాడు; చేతులు ఖాళీగా ఉన్నవాడు ఆ పదవి తనకు రాదని అప్పటికే తెలుసుకున్నవాడు. 2024 డిసెంబరులో ఒకనాడు ఆ వరుసలో నా ముందు నిలిచిన అమ్మాయి ఈ మూడు తరగతులలో దేనికీ చెందదు. ప్లాస్టిక్ సంచిలో కాగితాలను గుండెకు హత్తుకొని, ఢిల్లీ చలికి ఏ మాత్రం చాలని పలుచని స్వెట్టరు వేసుకొని ఉన్నది. ఏ ఊరమ్మా అని అడిగాను. “మిన్నీ బే అండీ” అన్నది. నాకు వెంటనే స్ఫురించలేదు. “అండమాన్” అని చేర్చింది, ఈ వివరణ ఇవ్వడం బాగా అలవాటైనదానివలె.

మిన్నీ బే అనేది పోర్టు బ్లేయర్ రేవు లోపలి భాగంలో నేలలోకి చొచ్చుకొని వచ్చిన చిన్న అఖాతం. నౌకాదళం వారి నివాసాలు ఒకవైపు, మడచెట్లు మరొకవైపు. కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో పోర్టు బ్లేయర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. అందుచేత ఆ అమ్మాయి కాగితాలలో సగం పాత ఊరివి, సగం కొత్త ఊరివి. రెండూ ఒకే ఊరని గుమాస్తాలను నమ్మించడం ఆమెకు అదనపు పని అయింది.

అండమాన్ అనగానే మనకు సెల్యులార్ జైలు, అక్కడికి పంపబడిన మన్యం వీరులు జ్ఞాపకం వస్తారు. తరువాత వలస వెళ్ళిన మనవారి సంగతి అంతగా జ్ఞాపకం రాదు. 2011 జనాభా లెక్కలలో ఆ ద్వీపాల జనాభా మూడు లక్షల ఎనభై వేలు. అందులో నూటికి పదముగ్గురు తెలుగును మాతృభాషగా చెప్పుకున్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి ఓడలెక్కి వెళ్ళిన బెస్తలు, కూలీలు, వారి బిడ్డలు వీరు. ఈ అమ్మాయి తాత కూడా అలాగే వెళ్ళాడు. జంగ్లీఘాట్‌లో వేట చేశాడు. తండ్రి ఇప్పటికీ అదే పని చేస్తున్నాడు. ఈమె ద్వీపంలోనే ఉన్న పాండిచ్చేరి విశ్వవిద్యాలయ ఆవరణలో సముద్ర జీవశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదివి, పర్యావరణ శాస్త్రంలో పిహెచ్.డి. కొరకు రాజధానిలోని ఒక విశ్వవిద్యాలయంలో మౌఖిక పరీక్షకు వచ్చింది. మట్టిలోని భారలోహాలను కొలిచే యంత్రాలు, ఆ విద్య తెలిసిన ఆచార్యుడు ఇక్కడ ఉన్నారట.

ఆమె పరిశోధించదలచిన విషయం వింటే నాకు ముచ్చట వేసింది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగిపోయింది. సిప్పీఘాట్ వద్ద వరి పండిన పొలాలలో సముద్రం వచ్చి కూర్చున్నది, తిరిగి పోలేదు. నేల కుంగినచోట పాత మడచెట్లు వేళ్ళు మునిగి చచ్చిపోయాయి. ఉప్పునీరు కొత్తగా చేరినచోట మొలకలు లేచాయి. రేవులో ఓడల నూనె, పట్టణపు మురుగు, ఈ కుంగిన నేల, మూడూ కలిసి మిన్నీ బే అడుగు మట్టిని ఏమి చేశాయి, ఆ మట్టిలో వేళ్ళూనుతున్న కొత్త మడకు ఎంత ఆయువున్నది అన్నది ఆమె ప్రశ్న. “మా నాన్న చిన్నప్పుడు అక్కడ ఎండ్రకాయలు పట్టేవారండీ. ఇప్పుడు పట్టరు. ఎందుకో ఎవరూ కొలవలేదు” అన్నది. పర్యావరణ శాస్త్రాన్ని ఇంతకన్నా సూటిగా నిర్వచించిన ఆచార్యుని ఉపన్యాసాన్ని నేను విజ్ఞాన భవన్‌లో వినలేదు.

ఈ ప్రశ్నను పట్టుకొని విశ్వవిద్యాలయపు గడప వరకు రావడానికి ఆమె దాటిన మెట్లను కొంచెం తీరికగా చెప్పవలసి ఉన్నది.

2024 మార్చిలో యు.జి.సి. ఒక నిర్ణయం తీసుకున్నది. పిహెచ్.డి. ప్రవేశాలకు విశ్వవిద్యాలయాలు వేర్వేరుగా పరీక్షలు జరుపుకోనక్కరలేదు, జాతీయ అర్హతా పరీక్ష అయిన ‘నెట్’ మార్కులతోనే చేర్చుకోవచ్చునన్నది. మొదటి శ్రేణిలో వచ్చినవారికి పరిశోధక వేతనం లభిస్తుంది. రెండవ, మూడవ శ్రేణులవారికి నెట్ మార్కులకు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం విలువ. ఆ సంవత్సరం జూన్ 18న తొమ్మిది లక్షలకు పైగా అభ్యర్థులు దేశమంతటా ఈ పరీక్ష వ్రాశారు. మరునాడే విద్యాశాఖ దానిని రద్దు చేసింది. ప్రశ్నపత్రం ముందే బయటపడిందన్న అనుమానం కారణం. ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 వరకు మళ్ళీ పరీక్షలు పెట్టారు. అక్టోబరులో ఫలితాలు వచ్చాయి. సి.బి.ఐ. విచారించి, ఏ తెరచిత్రాన్ని చూసి అనుమానపడ్డారో అది దిద్దిన నకిలీ అని తేల్చి, 2025 జనవరిలో కేసు మూసివేయమని న్యాయస్థానానికి నివేదించింది. తొమ్మిది లక్షల మంది నాలుగు నెలల కాలం ఒక నకిలీ బొమ్మకు ఖర్చయిందన్న మాట. దీనికి ఎవరైనా క్షమాపణ చెప్పినట్లు నాకు జ్ఞాపకం లేదు.

ఒకే పరీక్ష అన్న సూత్రాన్ని నేను మొత్తంగా నిందించను. ద్వీపవాసికి అది ఒక విధంగా వరమే. పది విశ్వవిద్యాలయాలు పది పరీక్షలు పెడితే పదిసార్లు సముద్రం దాటవలసి ఉంటుంది. చెన్నైకి గాని విశాఖకు గాని ఓడ ప్రయాణం రెండు మూడు రోజులు, విమానం టిక్కెట్టు ధర బెస్తవాని నెల సంపాదనను మింగుతుంది. కాని నూట యాభై ప్రశ్నలకు మూడు గంటలలో జవాబులు గుర్తించే పరీక్ష జ్ఞాపకశక్తిని కొలుస్తుంది, శిక్షణాలయానికి చెల్లించిన రుసుమును కూడ కొలుస్తుంది. బురదలో మోకాటిలోతున నిలబడి ప్రశ్న వేయగల శక్తిని కొలవదు. అది కొలిచే అవకాశం మిగిలినది ఆ ముప్ఫై మార్కులలో, అంటే మౌఖికంలో.

ఆ మౌఖికం చరిత్ర ఢిల్లీలో ఉన్నవారికి తెలియనిది కాదు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం తానే నియమించిన ఆచార్య అబ్దుల్ నఫే సంఘం, వ్రాతపరీక్షలో బాగా వచ్చిన బడుగు వర్గాల అభ్యర్థులకు మౌఖికంలో తక్కువ మార్కులు పడుతున్నాయని 2016లో తేల్చి, ముప్ఫై మార్కులను పదిహేనుకు తగ్గించమని సిఫారసు చేసింది. అదే విశ్వవిద్యాలయంలో వెనుకబడిన జిల్లాల నుంచి వచ్చినవారికి అదనపు మార్కులు ఇచ్చే పద్ధతి ఉండేది. 1983లో తీసివేశారు, విద్యార్థుల పోరాటంతో 1994లో మళ్ళీ వచ్చింది, 2017లో పరిశోధక ప్రవేశాలకు తొలగించారు. ఆ సంవత్సరమే ఎం.ఫిల్., పిహెచ్.డి. సీట్లు వేయికి పైబడినవి రెండు వందలకు లోపు పడిపోయాయి. తొలగించినది తప్పేనని నా అభిప్రాయం. అయితే ఆ పద్ధతి ఉన్నా మిన్నీ బే అమ్మాయికి మేలు జరిగేదా అన్నది సందేహమే. అక్షరాస్యత వంటి కొలతలతో జిల్లాల వెనుకబాటును లెక్కించేవారు. 2011లో అండమాన్ నికోబార్ అక్షరాస్యత 86 శాతానికి పైన, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67 శాతం. కాగితం మీద ఆమె ముందంజలో ఉన్న ప్రాంతపు పిల్ల! మధ్యలో ఉన్న పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రానికి ఏ లెక్కలోనూ పట్టిక లేదు.

ఇక దరఖాస్తులో కులం అడిగే గడి ఉన్నది. పాఠకులు గమనించవలసిన చిక్కు ఇక్కడ ఉన్నది. అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డు కులాల జాబితాయే లేదు. వెనుకబడిన తరగతుల జాబితాలో 1942కు పూర్వపు స్థానికులు, మోప్లాలు, భాతులు, కరెన్లు, తూర్పు పాకిస్తాన్ నుంచి తెచ్చి స్థిరపరచిన బెంగాలీ కుటుంబాలవారు ఉన్నారు. ప్రభుత్వం పిలవకుండా పొట్ట చేతపట్టుకొని వచ్చిన తెలుగు బెస్తవాడు అందులో లేడు. ఆంధ్రప్రదేశ్‌లో అతని కులం వెనుకబడినదే; కాని అది నిరూపించే పత్రం తండ్రి పేరనో తాత పేరనో స్వస్థలంలోని తహసీల్దారు నుంచి రావాలి. ఈ అమ్మాయి ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. అక్కడి కార్యాలయం వారు, మీ తాత ఈ ఊరివాడనడానికి ఆధారమేమిటని అడిగారు. తాత ఓడెక్కిననాడు ఆధారం తీసుకొని ఎక్కలేదు. మూడు ఉత్తరాలు, ఒక దూరపు బంధువు చేసిన నాలుగు ప్రదక్షిణలు ఫలించకపోగా, గడువు ముగిసే రోజున ఆమె ‘జనరల్’ అన్న గడిలో గుర్తు పెట్టింది. పుట్టినచోట పరాయి, పూర్వుల చోట అజ్ఞాత. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏటా ప్రవాసాంధ్రుల గురించి మాట్లాడుతుంది. ఆ మాట అమెరికా విమానాశ్రయాల దగ్గరే ఆగిపోతున్నది. జంగ్లీఘాట్‌కు ఒక తహసీల్దారును పదిహేను రోజులు పంపి పాత రికార్డులు సరిచూచి పత్రాలు ఇప్పించడానికి కావలసినది బడ్జెట్టు కాదు, ఒక జి.ఒ. మాత్రమే. మన పార్లమెంటు సభ్యులలో ఎవరైనా ఈ విషయాన్ని ఒక ప్రశ్నగానైనా అడిగితే వినాలని ఉన్నది.

ఆమెకు మూడవ శ్రేణి వచ్చింది. అంటే పిహెచ్.డి.లో చేరే అర్హత మాత్రమే, వేతనం లేదు. మొదటి శ్రేణివారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. నెట్ వేతనం లేకుండా కేంద్ర విశ్వవిద్యాలయంలో పరిశోధించేవారికి 8,000. ఆ ఎనిమిది వేలను కూడ తీసివేయబోతే 2015 అక్టోబరులో విద్యార్థులు యు.జి.సి. కార్యాలయం ముందు రాత్రింబవళ్ళు బైఠాయించి నిలుపుకున్నారు; ఆ చలిరాత్రులలో నేను అక్కడికి వెళ్ళి వచ్చాను. నిలిచింది, పెరగలేదు. ఈ సొమ్ముతో ఢిల్లీలో గది, తిండి సరిపోవు. ఇక మిన్నీ బేకు వెళ్ళి మట్టి నమూనాలు తీసుకొని, మంచుపెట్టెలో పెట్టి, విమానంలో ఢిల్లీ తెచ్చే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

మౌఖికంలో ఏమి జరిగిందో ఆమె మరునాడు ఫోనులో చెప్పింది. ఎనిమిది నిమిషాలు. ఇంత చిన్న అఖాతం గురించి పరిశోధన చేస్తే జాతీయ ప్రాముఖ్యం ఏముంటుందని ఒక పెద్దమనిషి అడిగారట. హిమానీనదం మీద గాని యమున మీద గాని పని చేయరాదా అని మరొకరి సలహా. ఆమె ఇంగ్లీషు అక్కడక్కడ తడబడింది. అండమాన్‌లో మాట్లాడుకునే హిందీ దొర్లింది. ఆ పెద్దలు దురుద్దేశంతో అడిగారని నేను అనను. తీరాన్ని చూడకుండా సముద్రశాస్త్రం మాట్లాడే అలవాటు రాజధానిది. మన వాల్తేరులో 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చినపుడు సముద్రశాస్త్రాన్ని ఎక్కడో నేర్పలేదు, ఎదురుగా ఉన్న బంగాళాఖాతంలోనే నేర్పాడు. అక్కడి విద్యార్థులు ఆ నీటి మీదనే డాక్టరేట్లు పొందారు. ఎవరూ వారిని జాతీయ ప్రాముఖ్యం అడగలేదు.

జాతీయ ప్రాముఖ్యం సంగతే అయితే దూరం పోనక్కరలేదు. గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, కొత్త పట్టణం కట్టడానికి 2022 నవంబరులో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యం పోతుంది. దానికి బదులు మొక్కలు హర్యానాలో నాటుతారట! గలాథియా తీరంలో గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ తాబేళ్ళు, అడవిలోని షోంపెన్ జనం ఏమవుతారన్నది చర్చ. ఆ పథకానికి పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచేసినది మన హైదరాబాదులోని విమ్తా ల్యాబ్స్. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2023 ఏప్రిల్‌లో అనుమతిని కొట్టివేయక, ఉన్నతాధికార సంఘాన్ని వేసి మళ్ళీ చూడమన్నది. ఆ సంఘం ఏమి చూచిందో బయటపెట్టడానికి ప్రభుత్వం చాలాకాలం నిరాకరించింది. పథకం మంచిచెడ్డలు మరొక వారం మాట్లాడుకోవచ్చు. ఇక్కడ చెప్పదలచినది ఒక్కటే. నివేదిక వ్రాసేవారు బయటి నుంచి వస్తారు, కొద్ది నెలల లెక్కలు తీసుకొని వెళతారు. ఆ లెక్క సరియైనదా అని అడగడానికి ఇరవై సంవత్సరాల కొలతలు చేతిలో ఉన్న స్థానిక శాస్త్రజ్ఞుడు ఉండాలి. 2002 మే నెలలో సుప్రీంకోర్టు అండమాన్ అడవులలో చెట్ల నరికివేతను కట్టడి చేసిందంటే, అంతకు ముందు ‘సేన్’ వంటి స్థానిక సంఘం సంవత్సరాల తరబడి కాగితాలు పోగుచేసి కోర్టుకెక్కింది గనుక, శేఖర్ సింగ్ కమిషన్ అక్కడికి వెళ్ళి చూచింది గనుక. అలాంటి మనుషులు ఇక ముందు పరిశోధక ప్రవేశాల ద్వారానే రావాలి. ఆ తలుపు వద్ద ఎనిమిది నిమిషాలు, ఎనిమిది వేలు అడ్డం పెట్టి, తరువాత ద్వీపాలలో నిపుణులు లేరని బయటివారిని పిలవడం వింతగా ఉన్నది.

యు.జి.సి. తలచుకుంటే చేయగలిగినవి లేకపోలేదు. మౌఖికాన్ని శ్రీ విజయపురంలో గాని, తెర మీద గాని జరపవచ్చు. అభ్యర్థి వ్రాసిన పరిశోధన ప్రతిపాదనను పేరు తెలియకుండా ముందు చదివి మార్కులు వేసి, ఆ తరువాతనే మనిషిని పిలవవచ్చు. ద్వీపాలలో క్షేత్రపరిశోధన చేసేవారికి నెట్ శ్రేణితో నిమిత్తం లేని వేతనాలు పది కేటాయిస్తే కేంద్ర ఖజానాకు ఏడాదికి అరకోటి కూడా కాదు. శాస్త్రి భవన్‌లో ఒక అధికారితో ఈ మాట అంటే, “చిన్న సంఖ్య కదా, విధానం చేయలేము” అన్నాడు. పెద్ద సంఖ్య అయితే డబ్బు లేదంటారు.

ఆ అమ్మాయి పేరు నిరీక్షణ జాబితాలో వచ్చింది. చెన్నైకి రైలులో వెళ్ళి, అక్కడ ఓడ కొరకు అయిదు రోజులు ఆగి ఇల్లు చేరింది. మొన్న ఫోను చేస్తే, వచ్చే నెట్‌కు దరఖాస్తు పెట్టానని, ఈలోగా తండ్రి పడవలో మిన్నీ బేకు వెళ్ళి నెలకొకసారి పాటు సమయంలో నీటి ఉప్పదనం కొలిచి నోటుపుస్తకంలో వ్రాసుకుంటున్నానని చెప్పింది. కొలిచే పరికరం చదువుకున్న కళాశాలలో అరువు తెచ్చుకున్నదట. ఫోను పెట్టేముందు, శ్రీకాకుళంలో తెలిసినవారెవరైనా ఉన్నారా, తహసీల్దారు కార్యాలయానికి ఒకసారి వెళ్ళి అడగగలరా అని అడిగింది. ఇద్దరికి ఉత్తరాలు వ్రాశాను.