పిల్లలకు భయం నూరిపోయకండి

అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగగానే ఈ వారం ఒక కరపత్రం చేతిలో పెట్టారు. వీసా ఇంటర్వ్యూకి శిక్షణ ఇస్తారట. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ ఖాతాల్లో పాత పోస్టులన్నీ ఏరి తీసేసి పెడతారట కూడా. విద్యార్థి వీసాకి దరఖాస్తు చేసేవాళ్లంతా తమ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని అమెరికా విదేశాంగ శాఖ 2025 జూన్‌లో చెప్పింది. అప్పట్నుంచి ఇళ్లలో ఒకటే పాట. రాజకీయాలు రాయకు, ఎవరి పోస్టుకీ లైక్ కొట్టకు, అక్కడికెళ్లాక తలొంచుకుని నీ పని నువ్వు చూసుకో. ఇరవై ఏళ్లు దాటిన పిల్లలకి మనం ఇచ్చి పంపే చివరి పాఠం ఇదేనా? ఆ కరపత్రం చదివాక వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు.

వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం అమెరికా ఇష్టం. కాన్సులేట్‌లో కాదన్నాక అడిగే దారి దాదాపు లేదు. అంతవరకు జాగ్రత్త పడాల్సిందే. ఆ నేల మీద కాలు పెట్టాక మాత్రం లెక్క మారుతుంది. చట్టప్రకారం విచారించకుండా ఎవరి స్వేచ్ఛనీ, ఆస్తినీ లాక్కోకూడదని వాళ్ల రాజ్యాంగం ఐదో సవరణ, పద్నాలుగో సవరణ చెబుతున్నాయి. ఆ రక్షణ పౌరులకే కాదు, అక్కడున్న ఏ మనిషికైనా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీ నడుపుకునే యిక్ వో అనే చైనా దేశస్థుడి కేసులో 1886లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జావా నేర్పేవాళ్లు, పైథాన్ నేర్పేవాళ్లు, దొంగ అనుభవం రాసిపెట్టేవాళ్లు కూడా దొరుకుతారు. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు నాకు కనిపించలేదు.

ఇది తెలియక నష్టపోయింది మన పిల్లలే. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు కాళ్లకు రేడియో కాలర్లు తగిలించుకుని తిరిగినవాళ్లలో తెలుగువాళ్లు ఎంతమందో గుర్తుందిగా. ఫార్మింగ్టన్ సంగతి ఇంకా ఘోరం. మిషిగన్‌లో అమెరికా ప్రభుత్వమే దొంగ యూనివర్సిటీ తెరిచింది, ఫీజులు వసూలు చేసింది, ఒక్క క్లాసూ చెప్పలేదు. 2019 జనవరిలో ఆ విద్యార్థుల్నే అరెస్టు చేసింది. ఇక్కడ చాలామంది, బుద్ధి లేకపోతే సరి, అని పిల్లల్నే తిట్టారు. నిజమే, తరగతి గది లేని చదువని తెలిసే చేరినవాళ్లూ ఉంటారు. అయినా ఒక విద్యార్థి ఊరుకోలేదు. డబ్బు తీసుకుని చదువు చెప్పలేదని ఏకంగా అమెరికా ప్రభుత్వం మీదే దావా వేశాడు. ఇలాంటి పనికి మామీద దావా చెల్లదని సర్కారు వాదించింది. కింది కోర్టు ఒప్పుకుంది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసి, కేసు వినాల్సిందేనంది. పౌరసత్వం లేని విద్యార్థి ఆ దేశ ప్రభుత్వాన్ని బోను ఎక్కించగలిగాడు. ఈ వార్తకి మన పత్రికల్లో ఎంత చోటు దక్కింది? ఒక ఐటీ కంపెనీ ప్యాకేజీ వార్తకి దక్కినంత కూడా కాదు.

2025 ఏప్రిల్‌లోనూ అంతే. వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థులపై అమెరికా ప్రభుత్వం ఉంచే నమోదులు, చెప్పాపెట్టకుండా రద్దయ్యాయి. కొందరి విషయంలో కారణం పాత ట్రాఫిక్ చలానా. అక్కడి ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం తన దృష్టికి వచ్చిన 327 కేసులు పరిశీలిస్తే సగం మంది భారతీయులే. తలొంచుకున్నందుకు ఎవరి రికార్డూ తిరిగి రాలేదు. కోర్టుకెళ్లినవాళ్లు వరసగా స్టేలు తెచ్చుకున్నారు. నెల తిరక్కుండా ప్రభుత్వం వెనక్కి తగ్గి, వెళ్లనివాళ్ల రికార్డులు కూడా పునరుద్ధరించడం మొదలుపెట్టింది.

రాష్ట్రాల సంగతీ చెప్పి పంపాలి. హెచ్1బీ మీద ఉన్న తల్లిదండ్రులకు పుట్టే బిడ్డకి పౌరసత్వం ఉండదని 2025 జనవరి 20న ట్రంప్ ఉత్తర్వు ఇస్తే, మర్నాటికల్లా 22 రాష్ట్రాలు కోర్టుల్లో ఉన్నాయి. 23న సియాటిల్‌లో, రీగన్ నియమించిన జడ్జి, దాన్ని ఆపేశారు. తర్వాత ఆ వ్యాజ్యం ఎన్ని మలుపులు తిరిగినా, మన ఆడపిల్లల కాన్పుల కోసం కొట్లాడారు ఆ రాష్ట్రాల అటార్నీ జనరళ్లు. వాళ్లలో ఎక్కువమంది ప్రజలు ఎన్నుకున్నవాళ్లు. అక్కడ గవర్నర్‌ని కూడా ప్రజలే ఎన్నుకుంటారు. మనకో? 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ని దించేస్తే నెల రోజులు రోడ్ల మీద పోరాడి తెచ్చుకున్నాం. 2023లో రాజ్‌భవన్‌లో ఆగిన బిల్లుల కోసం తెలంగాణ సర్కారు సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఢిల్లీ పంపిన మనిషి ఓటేసిన జనం కన్నా పైన ఎలా కూర్చుంటాడన్నది నేను ఈ శీర్షికలో ఎన్నిసార్లయినా అడుగుతాను.

అయితే భయం అమెరికా నేర్పింది కాదు, ఇక్కడే పట్టుకుంది. పంజాగుట్ట చౌరస్తాలోని అంబేడ్కర్ విగ్రహాన్ని 2019 ఏప్రిల్‌లో సరిగ్గా జయంతి ముందురోజు తీసేసి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి చేర్చారు. జనం రోడ్డెక్కారు. ఎక్కాల్సిందే. కానీ 2021 అక్టోబరులో ఇదే నగరంలో పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట ఉందేమోనని వెతికారు. వీడియోలు అందరం చూశాం. ఎవరినీ బలవంతం చేయలేదు, వాళ్లే సహకరిస్తున్నారని పోలీసులు అన్నారు. లాఠీ పట్టుకున్నవాడు అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది జడ్జీలు 2017లోనే తేల్చారు. అరెస్టు చేసిన మనిషి ఫోన్‌లోకి చూడాలన్నా వారంటు కావాలని అమెరికా సుప్రీంకోర్టు 2014లో ఏకగ్రీవంగా చెప్పింది. కన్నబిరాన్, బాలగోపాల్ జీవితమంతా హక్కుల కోసం వాదించిన నగరం ఇది. విగ్రహం కోసం వచ్చినవాళ్లలో పదోవంతు కూడా ఆ ఫోన్ల కోసం రాలేదు. రోడ్డు మీద మనిషిని ఆపి ఫోన్ తెరవమనే అధికారం ఏ చట్టంలోని ఏ సెక్షన్ ఇచ్చిందో నగర పోలీసు కమిషనర్ రాతపూర్వకంగా చెప్పాలి. లేదంటే అలా అడగొద్దని ప్రతి స్టేషన్‌కీ సర్క్యులర్ పంపాలి.