పసిపిల్లల నోటిపూత - తల్లుల మీద నిందలు

ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డకు జ్వరం తగులుతుంది. రెండు మూడు రోజులకు చిగుళ్లు ఎర్రగా వాచి, ముట్టుకుంటే రక్తం వస్తుంది. నాలుక మీద, పెదవుల లోపల చిన్న చిన్న పొక్కులు లేచి, చితికి పుండ్లవుతాయి. చొంగ ఆగదు. గ్లాసు నోటి దగ్గర పెడితే చాలు, బిడ్డ మొహం తిప్పుకుని ఏడుస్తాడు. వేడి చేసిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు, నిద్రలో ఏదో పురుగు పాకిందని మరొకరు చెబుతారు. తాయెత్తు కట్టించి మూడు నాలుగు రోజులు చూసిన తరువాతగాని చాలా ఇళ్లలో ఆసుపత్రి గుర్తుకు రాదు.

తీరా ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు చీటీ మీద ‘హెర్పిస్’ అని వ్రాస్తే మరొక చిక్కు. ఆ పేరును సుఖవ్యాధుల వరుసలో విన్నవారు ఊరికి ఒకరుంటారు. మందుల షాపు దగ్గర పుట్టిన మాట కుళాయి దగ్గరకు చేరేసరికి బిడ్డ తల్లి నడత మీదకు పోతుంది. ఒకవైపు బిడ్డ నోట నీటిచుక్క దిగక అల్లాడుతుంటే, మరొకవైపు ఈ నింద. ఇంతకన్న అన్యాయం ఉండదు.

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ రెండు రకాలు. సాధారణంగా లైంగిక సంపర్కం వల్ల సోకేది రెండవ రకం. పిల్లల నోటిని పట్టేది దాదాపుగా మొదటి రకమే. అది ఎంగిలి ద్వారా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ఏభై ఏళ్ల లోపు వారిలో నూటికి 64 మంది, అంటే సుమారు 380 కోట్ల మంది ఒంట్లో ఈ మొదటి రకం ఉన్నది. వీరిలో ఎక్కువమందికి చిన్నతనంలోనే సోకింది. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఆరు నెలలు దాటేసరికి సన్నగిల్లుతుంది. అప్పటి నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో ఈ నోటిపూత ఎక్కువ. అయితే సోకిన చాలామందిలో పైకి ఏ గుర్తూ కనిపించదు. కోడలిని అనుమానించే అత్తగారి ఒంట్లోనే అది ఏళ్ల తరబడి కాపురం చేస్తూ ఉండవచ్చు.

ఒకసారి ప్రవేశించిన వైరస్ ముఖపు నరాల మొదట్లో దాగి ఉంటుంది. జ్వరం వచ్చినప్పుడో, ఎండదెబ్బ తగిలినప్పుడో కొందరికి పెదవి అంచున పొక్కుల గుత్తిగా మళ్లీ లేస్తుంది. నడుము చుట్టూ వచ్చే సర్పి వేరు, అది ఆటలమ్మ వైరస్ పని. పెదవి మీద పొక్కు ఉన్న పెద్దలు బిడ్డను ముద్దు పెట్టుకున్నా, తాము తిన్న చెంచాతో తినిపించినా, నమిలి పెట్టినా సోకుతుంది. పొక్కు లేనప్పుడు కూడా ఒక్కొక్కసారి ఉమ్మిలో వైరస్ ఉంటుంది గనుక ఎవరి వల్ల వచ్చిందో తేల్చబూనటం వృథా.

పదినుంచి పద్నాలుగు రోజులలో ఈ నోటిపూత సాధారణంగా దానంతటదే మానుతుంది. అసలు ప్రమాదం ఒంట్లో నీరు తగ్గిపోవటంలో ఉన్నది. చల్లని నీళ్లు, పాలు, ఓ.ఆర్.ఎస్. చెంచాతో కొద్దికొద్దిగా పడుతూనే ఉండాలి. ఉప్పు, కారం, పులుపు తగిలితే మంట ఎక్కువవుతుంది. నొప్పికి, జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వరాదు. ఇది వైరస్ జబ్బు కనుక షాపులో అడిగి తెచ్చే యాంటీబయాటిక్ దీనికి పనిచేయదు. పనిచేసేది అసైక్లోవిర్. మొదటి మూడు రోజులలోపు డాక్టరు ఇస్తేనే దానివల్ల ఎక్కువ మేలు. తాయెత్తుతో పోయేవి సరిగ్గా ఆ మూడు రోజులే! ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ మందు పిల్లల మోతాదులో ఎప్పుడూ ఉండేటట్లు అధికారులు చూడాలి. చొంగ కారుతున్న బిడ్డను మానేవరకు అంగన్‌వాడీకి పంపకపోవటం మంచిది.

నెల తిరగని పసికందు సంగతి వేరు. ఆ వయసులో ఈ వైరస్ ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. బారసాలకు వచ్చిన చుట్టాలు బిడ్డను ముద్దాడబోతే, పెదవి మీద పొక్కు ఉన్నవారిని మొహమాటం లేకుండా ఆపాలి. బిడ్డ కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయినా, మూర్ఛ వచ్చినా, మగతగా పడి ఉన్నా, పూటంతా మూత్రం పోయకపోయినా ఆలస్యం చేయరాదు. ముఖ్యంగా కంటికి షాపువాడిచ్చిన చుక్కలు వేయవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డు మీద పుండు ముదిరి, చూపును మసకచేసే మచ్చ మిగులుతుంది.