అరుగు మీద కూర్చోబెట్టిన బిడ్డ

విలువలు పడిపోతున్నాయి కనుక ఒకటో తరగతి నుంచే పిల్లలకు మతబోధ చేయాలన్న వాదన మళ్ళీ వినిపిస్తున్నది. వినడానికి సొంపుగానే ఉంటుంది. దానికి జవాబుగా మన పెద్దలలో కొందరు, "వారి పిల్లలకు వారిది చెప్పండి, మన పిల్లలకు ఒక దీనియాత్ పీరియడు ఇవ్వండి, పేచీ తీరిపోతుంది" అంటున్నారు. నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఈ రెండో మాట. మొదటి దానిని ఎదిరించడానికి మనకు రాజ్యాంగం అండగా ఉంది. రెండోది ఆ అండను మన చేతులతోనే తీసి పక్కన పెడుతుంది.

రాజ్యాంగం 28వ అధికరణం ఏమంటున్నది? పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ జరగరాదు. ఇక్కడ సమ్మతి ప్రసక్తే లేదు. ఊరంతా ఒప్పుకున్నా, పంచాయతీ తీర్మానించినా చెల్లదు. ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని పొందే బడి అయితే మతబోధకైనా ఆరాధనకైనా ఎవరినీ నిర్బంధించరాదు. మైనరు బిడ్డ విషయంలో సంరక్షకుని సమ్మతి కావాలి. ఈ రెండు మెట్లకూ ఉన్న తేడా మనలో చదువుకున్న వారికి కూడా తెలియదు. మండల పరిషత్ బడిలో పూజ జరిగితే "మావాణ్ణి మినహాయించండి" అని బతిమాలుకుంటాము. అడగవలసింది మినహాయింపు కాదు. అక్కడ ఆ కార్యక్రమం జరగడమే తప్పు.

గోదావరి జిల్లాలలో ఈ విషయం మరింత సూటిగా తగులుతుంది. హైదరాబాదు పాతబస్తీలోనో కర్నూలులోనో తరగతి నిండా మన పిల్లలుంటారు. ఇక్కడ మన జనాభా నూటికి ఇద్దరికి అటూ ఇటూ. రాజోలు వైపో, ఆచంట వైపో ఒక ప్రాథమిక పాఠశాల తరగతిలో ముప్పై మంది పిల్లలుంటే మన బిడ్డ ఒక్కడుంటాడు, అదీ ఉంటే. ఆ ఒక్కనికోసం దీనియాత్ పీరియడు పెట్టి ఉపాధ్యాయుణ్ణి ఎవరు నియమిస్తారు? మన కోరిక కాగితం మీదే ఉండిపోతుంది. అవతలివారి పీరియడు మాత్రం మన అంగీకారంతోనే టైంటేబులుకు ఎక్కుతుంది.

నేను రెండో తరగతిలో ఉండగా మా ఊరి బడిలో సరస్వతీ పూజ చేశారు. మా పంతులుగారు మంచి మనిషి, ఏ రోజూ ఒక్క దురుసు మాట అనలేదు. ఆ రోజు నన్ను చూసి, "నువ్వు లోపలికి రావద్దులే అబ్బాయ్, అరుగు మీద కూర్చో" అన్నారు. నా మేలు కోరే అన్నారు. లోపల పిల్లలందరూ పలకలు వరుసగా పెట్టారు. నా పలక నా ఒళ్ళో ఉంది. తరువాత ఒక స్నేహితుడు ప్రసాదం తెచ్చి ఇస్తే తీసుకోవాలో వద్దో తెలియక గుప్పిట్లో పట్టుకొని ఇంటికి నడిచాను. అమ్మ ఏమంటుందోనని ఒక భయం, పారేస్తే వాడేమనుకుంటాడోనని ఒక భయం. ఆరేడేళ్ళ బిడ్డకు ఈ రెండు భయాలూ ఎందుకు? 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షను బిడ్డను భయం, ఆందోళనల నుంచి విముక్తుణ్ణి చేసేదిగా బోధన ఉండాలన్నది. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు ఆ అరుగే గుర్తుకు వస్తుంది. మినహాయింపు అంటే ఆచరణలో అరుగు మీద కూర్చోబెట్టడమే.

ఇది ముస్లింల గొడవ మాత్రమే అనుకునేవారు చరిత్ర చూడాలి. 1846లో మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభుత్వ బడులలో బైబిలును పాఠ్యగ్రంథంగా పెట్టాలని ప్రతిపాదించాడు. ఎదిరించినవాడు మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. తన 'క్రెసెంట్' పత్రికలో రాశాడు, సభ పెట్టించాడు, విన్నపం పంపించాడు. ఆ ప్రతిపాదనను కంపెనీ డైరెక్టర్లు అంగీకరించలేదు. ప్రజల పన్నుతో నడిచే బడిలో పాలకుల మతం బోధించరాదన్న వాదం నాడు హిందువులది. నేడు అదే వాదం మనం వినిపిస్తే ద్రోహం ఎలా అవుతుంది? మన డెల్టాలో నరసాపురం, రాజమహేంద్రవరం మిషన్ల బడులు దళితవాడలకు అక్షరం తెచ్చాయి. ఆ మేలు కాదనలేము. అయితే ఆ బడులలోని బైబిలు గంటను తప్పుపట్టే నోళ్ళే, ప్రభుత్వ బడిలో శ్లోకాల గంటను సంస్కృతి అంటున్నాయి.

మతాలను గురించి చెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరు. అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు మొదటిది రాజ్యాంగ విరుద్ధం కాదన్నది. రంజాన్, క్రిస్మస్, సంక్రాంతి ఎందుకు జరుపుకుంటారో పదేళ్ళ బిడ్డకు పాఠంగా చెబితే నాకు సంతోషమే. ఆ తీర్పును అడ్డం పెట్టుకొని పూజను పాఠమంటే మాత్రం ఒప్పుకోనక్కరలేదు. ఇదే కొలత మనకూ వర్తించాలి. 30వ అధికరణం కింద మనం నడిపే బడులలో హిందూ పిల్లలు చదువుతున్నారు. వారిని ఏ దువాకూ బలవంతంగా నిలబెట్టరాదు. మతంలో నిర్బంధం కూడదన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని (2:256) వేదికలెక్కి ఉదహరించే మనం దానిని మన బడి గేటు దగ్గర మరిచిపోకూడదు.

మరి మన బిడ్డకు దీన్ ఎక్కడ నేర్పాలి? ఇంట్లో, మక్తబ్‌లో. మదర్సాలలో పూర్తికాలం చదివే ముస్లిం పిల్లలు నూటికి నలుగురిని మించరని, మక్తబ్‌ను మదర్సా అని పొరబడుతున్నారని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. బడికి ముందో తరువాతో ఓ గంట మసీదుకు వెళ్ళి ఖాయిదా చదువుకునే పిల్లలే మనవారిలో ఎక్కువ. ఆ గంట ఎలా ఉందో ఎవరైనా చూశారా? డెల్టాలో నూర్‌బాషా కుటుంబాల ఇంటి భాష తెలుగు. కొన్నిచోట్ల ఇమాంసాబుకు తెలుగు రాదు. బిడ్డ అలిఫ్ బే పలుకుతుంది, అర్థం అడిగితే దిక్కులు చూస్తుంది. చిలుకూరి నారాయణరావు ఖుర్ఆన్‌ను తెలుగు చేసి దాదాపు నూరేళ్ళు. పిఠాపురం కవి ఉమర్ అలీషా తత్త్వంతో మనలో చాలామందికి పేచీ ఉండవచ్చు, ఆయన తెలుగుతో ఎవరికీ లేదు. ఇంత భాష చేతిలో ఉండి కూడా ఆరేళ్ళ బిడ్డకు తెలుగులో దీనియాత్ చెప్పే ఏర్పాటు చేసుకోలేక, ఆ పని సర్కారు బడి పంతులుకు అప్పజెప్పాలనుకోవడం సిగ్గుచేటు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. అందులో సగం మంది మహిళలు. ఆ కమిటీ ఎన్నిక రోజున మన తల్లులు ఎంతమంది వెళుతున్నారు? ఈసారి వెళ్ళండి. బడి వేళల్లో ఏ మతానికి చెందిన ఆరాధనా జరగరాదని తీర్మానం రాయించండి. పొరుగింటి హిందూ తల్లి, వాడలోని క్రైస్తవ తండ్రి సంతకాలు కూడా అడగండి. మూడు మతాలవారి సంతకాలున్న కాగితాన్ని మండల విద్యాశాఖాధికారి అంత తేలికగా పక్కన పెట్టలేరు.