ఇంజన్ ఆయిలులో నీళ్లు: ముందు కారణం తెలుసుకుందాం



సింగరేణి గనుల ప్రాంతమైన శ్రీరాంపూర్‌లో పాత జీపునో, కారునో నమ్ముకొని ఇల్లు గడుపుకొనే కుటుంబాలు ఉన్నాయి. కొత్త బండి కొనే స్తోమత లేక ఉన్నదానికే ఇంజన్ పని చేయిస్తారు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ వంటి బండ్లకైతే వేరే దారి కూడా లేదు. అప్పు తెచ్చి బోరు చేయించి, పిస్టన్లు, బేరింగులు మార్పిస్తారు. బండి ఇంటికి వచ్చిన కొద్దిరోజులకే గేజి పుల్ల తీసి చూస్తే ఆయిలు పాలు కలిపిన టీలా కనబడుతుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటాయి, కింద మాత్రం చుక్క పడదు. ఇక ఇంట్లో దిగులు, షెడ్డులో మెకానిక్కుతో తగువు మొదలవుతాయి.

అట్టి కుటుంబాలకు మేము మనవి చేసేది ఒక్కటే. నీళ్లు ఎక్కడినుండి వస్తున్నాయో తేలేవరకు బండి నడపవద్దు, తొందరపడి ఇంజన్ విప్పించవద్దు, ఎవరినీ నిందించవద్దు.

నడపవద్దని ఎందుకంటున్నాము? క్రాంక్ షాఫ్టుకూ బేరింగులకూ మధ్య ఆయిలు పలుచని పొరగా నిలిచి వాటిని కాపాడుతుంది. నీళ్లు కలిస్తే ఆ పొర నిలువదు. కూలెంటులోని గ్లైకాల్ ఆయిలును జిగురుగా మార్చుతుంది. నాలుగు కిలోమీటర్లే గదా అని నడిపితే కొత్తగా వేయించిన బేరింగులే పోతాయి. మొదటి అప్పు తీరకముందే రెండవ అప్పు చేయవలసి వస్తుంది.

మొదట అది నిజంగా లీకేనా అని చూడాలి. చలికాలంలో ఇంటినుండి గని గేటు వరకు మాత్రమే తిరిగే బండిలో ఇంజన్ బాగా వేడెక్కదు. లోపలి తేమ ఆయిలు పోసే మూత కింద తెల్లని నురుగులా పేరుకుంటుంది. గేజిపుల్ల మీద ఆయిలు శుభ్రంగా ఉండి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గకుంటే భయపడనక్కరలేదు. అనుమానముంటే బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లవారి ఆయిలు చాంబర్ బోల్టును కొద్దిగా వదులు చేయండి. నీరు ఆయిలుకంటే బరువు గనుక అడుగుకు దిగి, ముందుగా నీరే వస్తుంది.

ఇంకొక సంగతి. ఇంజన్ కడిగినప్పుడో, హెడ్డు దించినప్పుడో లోపల మిగిలిన నీళ్లు కూడా ఇలాగే కనబడవచ్చు. గనుక ఆయిలు, ఫిల్టరు మార్చి, రేడియేటర్‌లో నీటిమట్టం గుర్తుపెట్టుకొని, బండిని నిలిపిన చోటనే కొద్దిసేపు నడిపి చూడాలి. మట్టం తగ్గక, ఆయిలు శుభ్రంగా ఉంటే అది మిగిలిన నీరే. మళ్లీ తెల్లబడితే లీకు ఉన్నట్టే.

లీకు ఎక్కడో తెలుసుకొనుటకు ప్రెషర్ పరీక్ష మేలైనది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూతమీద రాసివున్న ఒత్తిడికి మించకుండా గాలి ఎక్కిస్తారు. చాంబర్ దించి కింద నుండి చూస్తే నీటిచుక్క దారి చూపిస్తుంది. నీళ్లు తగిలే స్లీవులున్న ఇంజన్‌లో స్లీవు అడుగునుండి చుక్క కారితే, అక్కడి రబ్బరు రింగు మెలిపడిందనో, తెగిందనో అనుమానించాలి. ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు తీసి ఇంజన్ తిప్పినప్పుడు ఒక సిలిండర్‌లోనుండి నీళ్లు చిమ్మితే హెడ్ గాస్కెట్టో, హెడ్డులో పగులో కారణం కావచ్చు. స్టార్టు చేయగానే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తే కూడా అనుమానం అటే పోవాలి. ఆయిలు కూలర్ ఉన్న బండిలో దానిని విడిగా పరీక్షించాలి. అది తేలికగా మారే భాగం. దానికోసం ఇంజనంతా విప్పడం వృథా ఖర్చు.

హెడ్డు విప్పవలసివస్తే యజమాని దగ్గరుండి నాలుగు సంగతులు చూడడం మంచిది. హెడ్డు, బ్లాకు ముఖాలు చదునుగా ఉన్నాయో లేదో స్కేలు, ఫీలర్ గేజితో కొలిచారా? బోల్టు రంధ్రాలలో నీరు, ఆయిలు లేకుండా తుడిచారా? వాటిలో తడి ఉంటే రెంచి బిగువు చూపినా గాస్కెట్టు మీద అసలు బిగువు పడదు. బోల్టులను కంపెనీ చెప్పిన వరుసలో, విడతలుగా, టార్క్ రెంచితో బిగించారా? స్లీవు బ్లాకుకంటే పైకి ఉండవలసిన కొలత సరిచూశారా? ఈ నాలుగూ కాగితం మీద రాయించుకుంటే మాటకు మాట పెరగదు. తప్పు మెకానిక్కుదా, లేత్ షాపుదా, విడిభాగానిదా అన్నది కొలతే చెబుతుంది.

చివరిగా ఇంటిల్లిపాదికీ ఒక హెచ్చరిక. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయవద్దు. మరిగే నీరు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి. తీసిన కూలెంటును పళ్లెంలో వదలివేయవద్దు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అయినను విషం. పిల్లలు, మేకలు, కుక్కలు నాకితే ప్రాణాపాయం. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందనిచోట ఉంచండి.