గేరు మార్చడం చేతి మహిమ కాదు, వేగాల లెక్క

సూరత్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న ఆల్థాన్‌లో ఏ సిగ్నల్ దగ్గర చూసినా రెండు మూడు కాలాల వాహనాలు ఒకే వరుసలో ఆగి ఉంటాయి. ఒక పక్క గేర్లు మార్చే పనే లేని ఎలక్ట్రిక్ సిటీ బస్సు, మధ్యలో ఆటోమేటిక్ కార్లు, వాటి వెనక బట్టల మూటలు మోసే టెంపో. అప్పుడప్పుడు ఒక స్పోర్ట్స్ కారు కూడా కనిపిస్తుంది. పచ్చ దీపం వెలగగానే ఎలక్ట్రిక్ బస్సు నున్నగా జారినట్టు కదులుతుంది. చేత్తో గేర్లు మార్చే స్పోర్ట్స్ కారు సంగతి మాత్రం నడిపేవారిని బట్టి ఉంటుంది. ఒకరి చేతిలో అది నీటి మీద పడవలా సాగుతుంది, మరొకరి చేతిలో కప్పలా గెంతుతుంది.

ఈ తేడాను మనం ‘చేతి మహిమ’ అనో, ‘ఏళ్ల అనుభవం’ అనో సరిపెట్టుకుంటాం. నిజానికి అది హైస్కూలు భౌతికశాస్త్రంతో తేలిపోయే లెక్క. ఒక గంటలో నల్లబల్ల మీద చెప్పవచ్చు. అయినా మన డ్రైవింగ్ స్కూళ్లలో చాలావాటిలో దాన్ని చెప్పరు, లైసెన్సు పరీక్షలో సరిగా అడగరు. ఆటోమేటిక్ కార్లు పెరుగుతున్న ఈ రోజుల్లో ఈ లోటు సౌఖ్యానికి మాత్రమే కాదు, భద్రతకు కూడా సంబంధించినదని నా అభిప్రాయం.

ముందుగా లెక్క చూద్దాం. పెట్రోలు ఇంజను నిలకడగా తిరగాలంటే నిమిషానికి దాదాపు 800 చుట్లయినా ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే ఆగిపోతుంది. చక్రాలేమో సున్నా నుంచి మొదలవ్వాలి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికే గేర్లు, క్లచ్ ఉన్నాయి. ఎలక్ట్రిక్ మోటారు నిలబడి ఉన్న స్థితి నుంచే బలంగా తిప్పగలదు కాబట్టి దానికి క్లచ్‌తో పని లేదు.

ఒక ఊహాత్మక స్పోర్ట్స్ కారును తీసుకుందాం. చక్రం ఒక చుట్టు తిరిగితే కారు 2 మీటర్లు ముందుకు పోతుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1,000 మీటర్లు, అంటే చక్రం నిమిషానికి 500 చుట్లు. ఇరుసు దగ్గరి గేర్ల నిష్పత్తి 4 అయితే గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు 2,000 చుట్లు తిరుగుతుంది. మూడో గేరు నిష్పత్తి 1.5 అయితే ఇంజను వేగం 3,000. నాలుగో గేరు నిష్పత్తి 1.2 అయితే 2,400. రెండో గేరు నిష్పత్తి 2 అయితే 4,000.

గుట్టంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది. కారు అదే 60 కిలోమీటర్ల వేగంతో పోతుండగా మూడు నుంచి నాలుగుకు వెళ్లాలంటే ఇంజను 600 చుట్లు తగ్గాలి. మూడు నుంచి రెండుకు దిగాలంటే 1,000 చుట్లు పెరగాలి. క్లచ్ పెడల్ వదిలే క్షణానికి ఇంజను ఆ అంకె దగ్గర ఉంటే గేరు మారినట్టు పక్కవారికి తెలియదు. లేకపోతే ఆ తేడాను ఎవరో ఒకరు భరించాలి. క్లచ్ ప్లేటు వేడెక్కి భరిస్తుంది, లేదా కారు కుదుపుగా భరిస్తుంది. ఆ కుదుపు చివరికి చేరేది వెనక సీట్లో ఉన్నవారి మెడకు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ‘ఇప్పటి కార్లలో సింక్రోమెష్ ఉంది కదా, అన్నీ అదే చూసుకుంటుంది’ అంటారు. ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన ఈ ఏర్పాటును కాడిలాక్ 1928లో తన కార్లలో ప్రవేశపెట్టింది. అంతకుముందు గేర్ల పళ్లు కరకరలాడకుండా మార్చాలంటే క్లచ్‌ను రెండుసార్లు నొక్కాల్సి వచ్చేది. సింక్రోమెష్ ఆ కష్టం తీర్చింది. కానీ అది సరిచేసేది గేర్‌బాక్సు లోపలి భాగాల వేగాలను మాత్రమే. క్లచ్ నొక్కి ఉన్నప్పుడు ఇంజను విడిగా తిరుగుతుంటుంది. దాని వేగం మీద సింక్రోమెష్‌కు అధికారం లేదు. ఆ పని డ్రైవరు పాదానిదే. గేరు మెత్తగా పడిందంటే పని అయిపోయినట్టు కాదు, సగం పని మిగిలే ఉంది.

ఆ మిగిలిన సగాన్ని నిర్లక్ష్యం చేస్తే ఎంత నష్టం? క్లచ్‌లో పుట్టే వేడి వేగాల తేడాకు కాదు, ఆ తేడా వర్గానికి అనుపాతంలో ఉంటుంది. తేడా సగమైతే వేడి నాలుగో వంతు అవుతుంది. పై ఉదాహరణలో రెండో గేరుకు దిగేటప్పుడు యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి, 1,000 చుట్ల తేడాను 100కు తగ్గించామనుకోండి. వేడి దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. లెక్క కచ్చితంగా కుదరకపోయినా ఫరవాలేదు, దగ్గరికి తెస్తే చాలు. అలాగే ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బ్రేకు వేయకుండా సగం క్లచ్ మీద కారును నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఆ సమయంలో క్లచ్‌కు చేరే ఇంజను శక్తి అంతా వేడిగానే మారుతుంది. కారు అంగుళం కూడా కదలదు, ప్లేటు మాత్రం అరుగుతుంది.

కుదుపు సంగతి వేరు. మన శరీరానికి వేగం తెలియదు. విమానంలో గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతూ నిశ్చింతగా కాఫీ తాగుతాం. త్వరణం తెలుస్తుంది కానీ, అది నిలకడగా ఉంటే సీటుకు ఆనుకుని సర్దుకుంటాం. తల ఊగేది త్వరణం హఠాత్తుగా మారినప్పుడు. త్వరణం మారే రేటును భౌతికశాస్త్రంలో జెర్క్ అంటారు. నున్నగా నడపడమంటే మెల్లగా నడపడం కాదు, జెర్క్‌ను అదుపులో ఉంచడం. యాక్సిలరేటర్ తొక్కి ఉన్నప్పుడు షాఫ్టులు కొద్దిగా మెలి తిరిగి స్ప్రింగుల్లా బిగిసి ఉంటాయి. అదే స్థితిలో క్లచ్‌ను టక్కున నొక్కితే ఆ బిగువు ఒక్కసారిగా విడిపోయి కారు ఊగుతుంది. అందుకే పైగేరుకు మార్చేటప్పుడు యాక్సిలరేటర్‌ను వదలడం, క్లచ్ నొక్కడం జోడుగా సాగాలి. లివరు తర్వాతి గేరులో పడ్డాక ఇంజను వేగం దిగేవరకు ఒక్క క్షణం ఆగాలి. క్లచ్ పట్టుకునే చోట పెడల్‌ను నెమ్మదిగా దాటించి, ఆ తర్వాతే మళ్లీ యాక్సిలరేటర్ అందించాలి.

మరి స్పోర్ట్స్ కారులో ఇది ఎందుకు కష్టం? చాలా స్పోర్ట్స్ కార్ల ఇంజన్లలో ఫ్లైవీల్ తేలికగా ఉంటుంది. దాని జడత్వం తక్కువ కాబట్టి ఇంజను వేగం చప్పున ఎక్కుతుంది, అంతే చప్పున దిగుతుంది. కుటుంబ కారులో పాదానికి అలవాటైన వ్యవధి ఇక్కడ ఎక్కువైపోతుంది. క్లచ్ వదిలేసరికి ఇంజను 2,400 దాటి ఇంకా కిందికి జారి ఉంటుంది, కారు వెనక్కి లాగినట్టవుతుంది. పైగా ఇంజను బిగింపులు, సస్పెన్షన్ గట్టిగా ఉంటాయి కాబట్టి చిన్న తప్పు కూడా నేరుగా సీటుకు చేరుతుంది. ఇలాంటి కార్లలో చాలావాటికి ఇంజను శక్తి వెనక చక్రాలకు అందుతుంది. వానలో మలుపు తిరుగుతూ లెక్క లేకుండా కిందిగేరు వేస్తే, ఇంజను ఒక్కసారిగా ఆ చక్రాలను వెనక్కి లాగుతుంది. టైరుకు రోడ్డు మీద ఉన్న పట్టు ఒక్కటే. అందులో కొంత మలుపుకు ఖర్చవుతోంది. మిగిలిన దానికంటే ఎక్కువ అడిగితే టైరు జారుతుంది, కారు వెనక భాగం పక్కకు తిరుగుతుంది. సాధారణ కారు క్షమించిన తప్పును స్పోర్ట్స్ కారు క్షమించదు. గేరు మార్పు వెనక ఉన్న శాస్త్రం అందరికంటే ముందు దానిలోనే బయటపడేది అందుకే.

సూరత్‌లోని తెలుగువారికి ఈ సూత్రం కొత్తది కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా ఇక్కడ పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తున్నాయి. పాతకాలపు పవర్‌లూమ్‌లో బెల్టును ఖాళీగా తిరిగే పుల్లీ మీద నుంచి ఇరుసుకు బిగించిన పుల్లీ మీదకు జరిపితే మగ్గం నడుస్తుంది. అది క్లచ్ కాక మరేమిటి? మగ్గాన్ని ఆపి మళ్లీ నడిపినప్పుడు మొదటి పోగులకు సరైన దెబ్బ పడకపోతే గుడ్డకు అడ్డంగా గీత పడుతుంది. నేతలో దాన్ని స్టార్టింగ్ మార్క్ అంటారు. లోపం చాలావరకు నిలకడైన వేగంలో కాదు, ఒక వేగం నుంచి మరో వేగానికి మారే క్షణంలోనే పుడుతుందని నేతగాడికి కంటితో తెలుసు. కారు డ్రైవరుకు మాత్రం మనం అది నేర్పడం లేదు.

నిబంధనల్లో లేదా అంటే, ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 లోని 15వ నియమం ప్రకారం, అభ్యర్థి భద్రంగా, నున్నగా బయలుదేరి, పైగేరు వరకు అన్ని గేర్లూ వేసి చూపాలి. ట్రాఫిక్‌ను బట్టి, దిగుడు రోడ్డు మీద చురుగ్గా కిందిగేర్లకు మార్చాలి. ఏటవాలు మీద ఆగి, వెనక్కి జారకుండా మళ్లీ బయలుదేరాలి. రాసినవారికి విషయం బాగా తెలుసు. ఆచరణలో మాత్రం చాలాచోట్ల పరీక్షంటే ‘8’ ఆకారం, ‘హెచ్’ ఆకారం ట్రాకులు. వాటిలో కారు మొదటి గేరు, మహా అయితే రెండో గేరు దాటదు. గీత తొక్కావా లేదా అన్నది తెలుస్తుంది, గేరు మార్చడం వచ్చా రాదా అన్నది తెలియదు.

చట్టంలోనూ ఒక ఖాళీ ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 10వ సెక్షన్ మోటారు సైకిళ్లను గేరు ఉన్నవి, గేరు లేనివి అని విడదీసింది. కార్లు వచ్చే తేలికపాటి మోటారు వాహనాల తరగతిలో ఆ విభజన లేదు. స్కూటీ లైసెన్సుతో గేర్ల బైకు నడపకూడదన్న జాగ్రత్త కారు దగ్గర మాయమైంది. 1988 నాటికి మన రోడ్ల మీద ఆటోమేటిక్ కార్లు అరుదు కాబట్టి అప్పుడు అది లోపం కాదు. 2014లో మారుతి సెలెరియోతో ఆటోమేటెడ్ గేర్లు చిన్న కార్లకూ వచ్చాయి. ఇక ఆటోమేటిక్ మీదే నేర్చుకున్నవారు పెరుగుతారు. వారి చేతికి మిత్రుడి మాన్యువల్ కారు వస్తే, అదీ ఘాట్ రోడ్డు మీద అయితే?

ఘాట్ రోడ్డు లెక్క కూడా చూద్దాం. 1,500 కిలోల కారు 500 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే స్థితిజ శక్తి సుమారు 25 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థాయికి తేగలదు. కిందిగేరులో దిగితే అందులో మంచి వాటాను ఇంజను భరిస్తుంది. పెట్రోలు ఆదా అనుకుని న్యూట్రల్‌లో దిగితే దాదాపు మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. బాగా వేడెక్కిన బ్రేకులు పట్టు కోల్పోతాయి. పైగా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఇప్పటి ఇంజన్లు, గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే సాధారణంగా ఇంధనాన్ని ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఇంజను తిరగడానికి పెట్రోలు కావాలి. ఆదా కూడా అపోహే. సూరత్ నుంచి సాపుతారాకు వెళ్లేవారికైనా, శ్రీశైలం, అరకు వెళ్లేవారికైనా ఇది తప్పక తెలియాల్సిన విషయం.

‘గేర్లే పోతున్నాయి, ఇప్పుడెందుకు ఈ చదువు?’ అని అడగవచ్చు. ప్రశ్న సబబే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ తీరాన పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లలో మార్చడానికి గేర్లు లేవు. కిందిగేరుకు దిగేటప్పుడు ఇంజను వేగాన్ని తనంతట తానే సరిచేసే ఏర్పాటు 2009 మోడల్ నిస్సాన్ 370జడ్ మాన్యువల్ కారులోనే వచ్చింది. కానీ ఈ రోజు కొన్న మాన్యువల్ కారు ఇంకా ఎన్నో ఏళ్లు రోడ్డు మీద ఉంటుంది. చేతులు మారి, కొత్తగా నేర్చుకునేవారి దగ్గరికే చేరుతుంది. ఎలక్ట్రిక్ వాహనంలో కూడా జెర్క్ మాయం కాలేదు. పాదం చేయాల్సిన పనిని ఇంజనీరు సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నాడు. ఆ ఇంజనీరుకైనా ఈ లెక్క రావాల్సిందే.

అందుకని మూడు పనులు జరగాలి. ఒకటి, డ్రైవింగ్ స్కూళ్లలో మొదటి పాఠం నల్లబల్ల మీద మొదలవ్వాలి. తాము నేర్చుకునే కారు ఏ గేరులో, ఏ వేగానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో విద్యార్థి స్వయంగా పట్టిక రాసుకోవాలి. రెండు, పరీక్షలో 15వ నియమం చెప్పినట్టే గేర్ల మార్పును చూడాలి. కుదుపును కొలవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, ఫోన్‌లో ఉండే త్వరణ సెన్సర్ చాలు. అదే సెన్సర్‌తో హైస్కూలు పిల్లలు బస్సులో, ఆటోలో జెర్క్‌ను గ్రాఫుగా గీసి చూడవచ్చు. మూడు, ఆటోమేటిక్ మీద పరీక్ష ఇచ్చినవారి లైసెన్సు మీద ఆ మాట రాయాలి. బ్రిటన్‌లో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. మాన్యువల్ నడపాలనుకున్నప్పుడు మరో చిన్న పరీక్ష ఇస్తే సరిపోతుంది.

వీటిలో మొదటి రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న నియమాన్ని చదివి అమలు చేస్తే చాలు. మూడోదానికి పార్లమెంటు దాకా వెళ్లాలి. కానీ రెండు చక్రాలకు 1988లోనే చేసిన ఆలోచన నాలుగు చక్రాలకు ఇప్పటికైనా చేయడం పెద్ద కోరికేమీ కాదు.