ఆ పట్టికలో మన గడి లేదు

పరీక్ష రాసిన పిల్లలు ఇంటికి చేరకముందే 'అంచనా కటాఫ్' పట్టికలు ఫోన్లలోకి వచ్చేస్తాయి. నీట్ యూజీ అయినా, పీజీ అయినా అదే తంతు. జనరల్‌కు ఇంత, ఓబీసీకి ఇంత, ఎస్సీకి ఇంత, ఎస్టీకి ఇంత అని గడులు గీసి కోచింగ్ సెంటర్లు పంచిపెడతాయి. మన పిల్లల చూపుడువేలు పైనుంచి జారి చివరి గడి దగ్గర ఆగుతుంది. సరే, ఇప్పుడు సూపర్ స్పెషాలిటీ పరీక్ష పట్టిక తీసి చూడండి. ఎండీ, ఎంఎస్ ముగించిన డాక్టర్లు డీఎం, ఎంసీహెచ్ సీట్ల కోసం రాసే పరీక్ష అది. గుండె, మెదడు, మూత్రపిండాలు, రక్తవ్యాధులు, పసిపిల్లల శస్త్రచికిత్స, ఇలాంటి పెద్ద చదువులన్నీ అక్కడే ఉన్నాయి. ఆ పట్టికలో చివరి గడి లేదు. అందరికీ ఒకటే గీత, 50 పర్సెంటైల్. ఎస్టీ అనే మాటకే అక్కడ చోటు లేదు.

దీని గురించి మనవాళ్లు మాట్లాడటం చాలా తక్కువ. అంత దూరం వెళ్లేవాళ్లు ఎందరని కొట్టిపారేస్తారు. అంత దూరం ఎందుకు వెళ్లలేకపోతున్నారన్నదే మా ప్రశ్న.

ముందు ఈ పర్సెంటైల్ సంగతి తేల్చుకుందాం. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్లు కూడా దీన్ని పర్సెంటేజీతో కలిపేస్తుంటారు. 50 పర్సెంటైల్ అంటే నూటికి యాభై మార్కులు కాదు. పరీక్ష రాసినవాళ్లలో సగంమంది నీకంటే కింద ఉన్నారని మాత్రమే అర్థం. పేపరు తేలికైతే గీత పైకి పోతుంది, కష్టమైతే కిందికి దిగుతుంది. సూపర్ స్పెషాలిటీ పరీక్షలో 150 ప్రశ్నలు, 600 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఆ 600లో ఎన్ని వస్తే మంచి కార్డియాలజిస్టు అవుతారో ఆ గీత చెప్పదు. ఆ ఏడాది ఎందరు రాశారు, ఎవరి వెనుక ఎవరున్నారు అన్నదొక్కటే చెబుతుంది. పైగా అర్హత గీత వేరు, సీటు దొరికే ర్యాంకు వేరు. కార్డియాలజీ, గ్యాస్ట్రోఎంటరాలజీ సీట్లు మొదట్లోనే నిండిపోతాయి. గుండె, ఛాతీ శస్త్రచికిత్స, పిల్లల శస్త్రచికిత్స వంటి వాటిలో సీట్లు మిగిలిపోతుంటాయి. పిల్లల శస్త్రచికిత్సకు ప్రతిభ అక్కర్లేదనా? కాదు. పని ఎక్కువ, సంపాదన తక్కువ. ప్రతిభ కూడా డబ్బున్న వైపే నడుస్తుందన్నమాట.

గీత రాతిమీద చెక్కింది కాదనడానికి ఇంకో రుజువుంది. సీట్లు మిగిలినప్పుడు దాన్ని దింపుతారు. 2022లో మిగిలిన సూపర్ స్పెషాలిటీ సీట్లు నింపడానికి 15 పర్సెంటైల్ దింపి ప్రత్యేక రౌండు పెట్టారు. 2023 సెప్టెంబరులో పీజీ కౌన్సెలింగ్ కోసం అన్ని వర్గాలకూ కటాఫ్‌ను సున్నా చేశారు. సున్నా పర్సెంటైల్ అంటే పరీక్ష రాసినవాళ్లలో అందరికంటే వెనకున్న మనిషి కూడా అర్హుడే. ఆ రోజు దేశంలో ప్రాణాలకు ముప్పు రాలేదు. ప్రతిభ చచ్చిపోయిందని తెల్లకోట్లు వేసుకుని రోడ్డెక్కిన పాత వీరులు ఎక్కడా కనబడలేదు. ఖాళీ సీటు అంటే కాలేజీకి నష్టం, అందుకే గీత దిగింది. ఏజెన్సీలో ఖాళీగా పడి ఉన్న డాక్టరు కుర్చీ ఎవరికీ నష్టం కాదు కాబట్టి దానికోసం గీత కదలదు.

ఈ చివరి గడిని ఎవరు చెరిపేశారు? అసలు గీయనే లేదంటారు. మండల్ కేసుగా అందరికీ తెలిసిన ఇందిరా సాహ్ని తీర్పు 1992 నవంబరు 16న వచ్చింది. కొన్ని పదవుల్లో రిజర్వేషన్ పెట్టడం మంచిది కాకపోవచ్చని అందులో ఒక మాట ఉంది. ఉదాహరణలుగా అణుశాస్త్రం, అంతరిక్షం, విమానం నడిపే పైలట్లు, వైద్యంలో సూపర్ స్పెషాలిటీలు చెప్పారు. అవి ఉదాహరణలేనని, ఏ పదవులకు వర్తింపజేయాలో భారత ప్రభుత్వమే ఆలోచించి నిర్ణయించాలని కూడా అదే తీర్పు అన్నది. మొదటి సగం అందరికీ కంఠోపాఠం. రెండో సగం చదివినవాళ్లు తక్కువ. అక్కడి మాట పదవుల గురించి. డాక్టరు ప్రీతి శ్రీవాస్తవ కేసులో 1999లో దాన్ని చదువుకునే సీట్ల దాకా తెచ్చారు. 2006లో కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు, ఉన్నత స్థాయి ప్రత్యేక కోర్సులను కేంద్రం కావాలంటే మినహాయించవచ్చని ఒక సెక్షన్ పెట్టారు. ఆలోచించి నిర్ణయించమన్న మాట అలా మెట్టుమెట్టుగా వద్దన్న మాటగా మారింది.

2015 నాటి తీర్పు మరీ విడ్డూరం. అది మన ఊరి గొడవే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సూపర్ స్పెషాలిటీ సీట్లు స్థానికులకే అన్న నిబంధన మీద ఇతర రాష్ట్రాల డాక్టర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 371-డి అధికరణం, దాని కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నాయి కాబట్టి మేం జోక్యం చేసుకోలేమని కోర్టు అన్నది. అంటే తెలుగు నేలమీద పుట్టినందుకు సీట్లు కేటాయించుకోవచ్చు. అది ప్రతిభకు అడ్డం కాలేదు. అదే తీర్పు చివర్లో మాత్రం, దేశప్రయోజనం దృష్ట్యా ఉన్నత విద్యలో ఇలాంటి వెసులుబాట్లన్నీ పోవాలని ఆశ పడ్డారు. స్థానికత నిలబడింది, హితవు మాత్రం అందరికీ మిగిలింది. ఆ హితవు ఎవరి నెత్తిన పడుతుందో మనకు వేరే చెప్పాలా? తర్వాత 2017 నుంచి దేశమంతటికీ ఒకే కౌన్సెలింగ్ వచ్చింది.

టీచర్లకు ఈ వరస కొత్త కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలు స్థానిక ఆదివాసులకే ఇవ్వాలన్న జీవో 3, 2000 జనవరి 10న వచ్చింది. 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అక్కడా ఇందిరా సాహ్నియే, అక్కడా ప్రతిభే. కోయ, గోండి, సవర, కువి మాట్లాడే పిల్లకు మొదటిరోజు బడిలో తన మాట అర్థమయ్యే మనిషి ఉండటం ప్రతిభలో లెక్కకు రాలేదు. ఒకటో తరగతి టీచరు నుంచి గుండె డాక్టరు దాకా ఒకే కొలబద్ద. ఆ కొలబద్ద మీద మన భాష, మన అడవి, మన కొండదారులు ఎక్కడా గీతలుగా లేవు.

'ప్రాణాలతో చెలగాటమా' అని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. కటాఫ్ లోపలికి వెళ్లే తలుపు మాత్రమే. బయటికొచ్చే తలుపు దగ్గర అందరికీ ఒకటే పరీక్ష. ఎంబీబీఎస్‌లో ఎస్టీ విద్యార్థికి పాస్ మార్కులు తగ్గించరు. ఎండీలో తగ్గించరు. డీఎంలో సీటిచ్చినా అక్కడా తగ్గించాల్సిన పని లేదు. మూడేళ్లు రాత్రింబవళ్లు వార్డులో పనిచేసి, గురువుల ముందు కేసులు చెప్పి, అందరూ రాసే పరీక్షే రాసి బయటికి వస్తారు. అడ్డదారి గురించి మాట్లాడాలనుకుంటే ఎంబీబీఎస్, పీజీల్లో ప్రైవేటు కాలేజీల ఎన్‌ఆర్‌ఐ సీట్ల గురించి మాట్లాడండి. 2005లో ఇనాందార్ కేసులో 15 శాతం దాకా ఒప్పుకున్నారు. ఆ సీట్లలో చేరినవాళ్లు ఆపరేషన్ చేస్తుంటే మీ గుండె దడదడలాడలేదే! ఇంకోమాట. తరతరాలుగా ఏజెన్సీ జనం వైద్యం ఎవరిచేత చేయించుకుంటున్నారు? ఏ పట్టా లేని ఆర్‌ఎంపీల చేత. డోలీలో మోసుకెళ్లిన గర్భిణికి సగం దారిలో కానుపు చేసింది తోటి ఆడవాళ్లు. అప్పుడెవరూ ప్రతిభ సంగతి ఎత్తలేదు.

ఇక సికిల్ సెల్ సంగతి. మాకు అన్నిటికంటే ఎక్కువ మంట పుట్టించేది ఇదే. మన దేశంలో ఈ రక్తవ్యాధి జాడ మొదట దొరికింది 1952లో, నీలగిరి కొండల ఆదివాసుల రక్తంలో. మధ్య భారతం నుంచి గోదావరి లోయ మీదుగా మన ఏజెన్సీ దాకా ఇది ఇంటింటి బాధ. ఎముకల్లో నొప్పి, కామెర్లు, పసితనంలోనే చావు. బడిలో ఆటల పీరియడ్‌లో కూలబడిన పిల్లను సోమరి అని తిట్టే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ పిల్ల రక్తంలో ఏముందో తెలియక. దీని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది 2023 జులై 1న. మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రధాని ప్రారంభించారు, 2047 గడువు పెట్టారు. 1952 నుంచి 2023 దాకా 71 ఏళ్లు. ఈ 71 ఏళ్లూ దేశంలో ప్రతిభకు కొదవ లేదు, కటాఫ్‌లో రాజీ లేదు. మరి ఆ ప్రతిభ ఏ కొండ ఎక్కింది? రక్తవ్యాధుల డీఎం చదివిన డాక్టర్లు ఉండేది నగరాల్లో. రక్తపరీక్ష చేసి చేతికి కార్డు ఇవ్వడం వరకు ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త చేస్తారు. ఆ తర్వాత నొప్పి విరుచుకుపడినప్పుడు ఎవరి దగ్గరికి పోవాలి? హైడ్రాక్సీయూరియా మోతాదు ఎవరు సరిచూడాలి? మూలకణాల మార్పిడి ఎవరికి చేయవచ్చో ఎవరు తేల్చాలి? విశాఖకో హైదరాబాదుకో వెళ్లి, నొప్పిని కోయలో చెబితే పక్కనున్నవాళ్లు తెలుగు చేసి, డాక్టరు దాన్ని ఇంగ్లీషులో రాసుకునేలోపు సగం నిజం జారిపోతుంది.

ఆదివాసీ డాక్టరైతే కచ్చితంగా కొండకే తిరిగొస్తారా అని అడుగుతారు. అందరూ రారు. నగరంలో స్థిరపడేవాళ్లు మనలోనూ ఉంటారు, ఉండనివ్వండి, మిగతావాళ్లకు లేని షరతు మనకెందుకు? అయినా వచ్చేవాళ్లు పదిమందిలో నలుగురున్నా, ఇవాళ ఉన్నదానికంటే ఎక్కువే.

పైకెక్కిన కొద్దిమందికి అక్కడ దొరికేదేమిటో కూడా యువత తెలుసుకోవాలి. 2019 మే 22న ముంబయిలో తడ్వి భిల్ తెగకు చెందిన పీజీ డాక్టరు పాయల్ తడ్వి ప్రాణం తీసుకున్నారు. కులం, రిజర్వేషన్ సీటు పేరుతో సీనియర్లు వేధించారన్నది ఆరోపణ, ముగ్గురి మీద కేసు నడిచింది. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో పీజీ చదువుతున్న గిరిజన విద్యార్థిని చావు మన రెండు రాష్ట్రాలనూ కుదిపింది. ఎంబీబీఎస్‌లో మొదలైన 'కోటా' అన్న మాట పీజీ వార్డు దాకా వెంటాడుతుంది. ఆ వార్డు దాటి ఇంకో మూడేళ్లు అదే గాలిలో ఉండటానికి ఎందరికి మనసొప్పుతుంది? పరీక్ష రాయకముందే కొందరు కోటాలేని పరీక్ష మనకెందుకని ఆగిపోతారు. కటాఫ్ పట్టికలో ఈ లెక్క ఉండదు.

మన టీచర్లలో కొందరు చెప్పే మాట మీద కూడా మాకు అభ్యంతరం ఉంది. 'ఎస్టీ కటాఫ్ దాటితే చాలురా' అని పిల్లలకు నూరిపోస్తారు. ఆ గడి హక్కుగా వచ్చింది, దాన్ని వాడుకోవాలి, సిగ్గుపడొద్దు. కానీ దాన్నే ఇంటి పైకప్పుగా చూపిస్తే, పైకప్పే లేని పరీక్ష ఎదురైనప్పుడు పిల్ల నిలబడలేదు. బయాలజీ పాఠం చెప్పేటప్పుడు సికిల్ కణం బొమ్మ గీసి ఊరుకోకుండా, ఈ జబ్బు డాక్టరు కావాలంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, దాని తర్వాత డీఎం అని దారి మొత్తం ఎనిమిదో తరగతిలోనే బోర్డు మీద రాయాలి.

దారులు లేవని ఎవరూ అనలేరు. తమిళనాడు ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు సూపర్ స్పెషాలిటీ సీట్లలో 50 శాతం కేటాయించింది. 2022 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని ఆపడానికి నిరాకరించింది. మారుమూల ప్రాంతాల్లో పనిచేసిన డాక్టర్లకు పీజీ ప్రవేశంలో ఏడాదికి 10 శాతం చొప్పున 30 శాతం దాకా అదనపు మార్కులిచ్చే నిబంధనా ఉండేది. ఏ కోర్టూ కాదనకుండా, పాడేరు, ఉట్నూరు, భద్రాచలం, సీతంపేట ఆసుపత్రుల్లో కొన్నేళ్లు పనిచేసిన డాక్టర్లకు సూపర్ స్పెషాలిటీలో సీట్లు ఉంచి, చదువయ్యాక అక్కడికే తిరిగి రావాలని షరతు పెట్టవచ్చు. ఆ సీట్లలో ఆదివాసీ డాక్టర్లకు మొదటి అవకాశం అడగాలి. ఇది ఇచ్చినంత మాత్రాన అసలు రిజర్వేషన్ అడగడం మానొద్దు. ఆలోచించి నిర్ణయించాలని 1992లో అప్పజెప్పిన పని కేంద్రం చేతిలో ఇంకా ఉంది.

మన పార్లమెంటు సభ్యులు, ఎమ్మెల్యేలు మేడారం జాతరకూ ఆగస్టు 9 సభలకూ తప్పకుండా వస్తారు. అప్పుడు వాళ్లను రెండు లెక్కలు అడగండి. ఈ రెండు రాష్ట్రాల్లో డీఎం, ఎంసీహెచ్ పూర్తిచేసిన ఆదివాసులు ఎందరు, ఏ తెగవాళ్లు? ఐటీడీఏ ఆసుపత్రుల్లో రక్తవ్యాధుల స్పెషలిస్టు పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని నిండాయి? నోటిమాట కాకుండా కాగితం మీద అడగండి. ఐదో షెడ్యూలు కింద గిరిజన సలహా మండలి ఉంది. దాని తర్వాతి సమావేశం ఎజెండాలో ఈ రెండు లెక్కలూ, సర్వీసు సీట్ల ప్రతిపాదనా చేర్చాలని మీ మీ గ్రామసభల్లో తీర్మానం రాయించి, సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, ఒకటి గవర్నరుకు పంపండి.