నాగయ్యను కొలిచాం, కాపాడుకోలేదు

మార్చి 28 చిత్తూరు నాగయ్య జయంతి. 1904లో గుంటూరు సీమలో పుట్టిన ఆయనను చిత్తూరు నాటకరంగం నటుడిగా నిలబెట్టింది. ఆ ఊరే ఇంటిపేరైంది. 1938లో ‘గృహలక్ష్మి’తో తెరకెక్కారు. ‘వందేమాతరం’, ‘దేవత’, ‘భక్త పోతన’, ‘స్వర్గసీమ’ ఆయనను ఇంటింటి మనిషిని చేశాయి. 1946లో స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, నటించిన ‘త్యాగయ్య’ ఆ వైభవానికి శిఖరం.

మరుసటి ఏడాది వచ్చిన ‘యోగి వేమన’ చూడండి. బంగారం తయారీ యావలో వేమన మునిగి ఉండగా, ప్రాణంగా పెంచుకున్న అన్న కూతురు జ్యోతి కన్నుమూస్తుంది. ఆ దుఃఖాన్ని నాగయ్య అరిచి చూపలేదు. చూపులోని వెలుగు ఆరిపోవడంతోనే భోగి యోగి అవుతున్నాడని మనకు తెలిసిపోతుంది.

కొత్త తరం కథానాయకులు రాగానే ఆయన తండ్రి, గురువు పాత్రలకు మళ్లారు. అది పతనం కాదు, వయసు ధర్మం. దెబ్బ కొట్టింది డబ్బు. వచ్చింది వచ్చినట్టు దానధర్మాలకు పోయింది. సొంత చిత్రాల భారం మీద పడింది. ఏళ్ల తరబడి సాగిన ‘రామదాసు’ 1964లో గానీ విడుదల కాలేదు. 1965లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆ మహానటుడు పూట గడవడానికి చిన్నాచితకా వేషాలు వేస్తున్నారు. 1973 డిసెంబరు 30న కన్నుమూశారు.

ఎముక లేని చెయ్యి ఆయనను ముంచిందని చెప్పుకుని చేతులు దులుపుకోవడం మనకు అలవాటైంది. ఇది అన్యాయం. పారితోషికం ఒక్కసారి చేతికొస్తే నటుడితో లెక్క ముగిసింది. సినిమా మీద రాబడి మాత్రం ఆగలేదు. ముదిమికి పింఛను లేదు, జబ్బుకు బీమా లేదు. తప్పు దాతృత్వానిది కాదు, ఏర్పాటు లేని పరిశ్రమది.

2012 కాపీరైటు సవరణ పాటల రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ హక్కును గట్టిపరిచింది. పాత చిత్రాలు టీవీల్లో, ఓటీటీల్లో ఆడినప్పుడల్లా నటులకూ, ముఖ్యంగా చిన్న వేషాల వారికీ, వాటా అందే కట్టుబాటు రావాలి. ప్రతి చిత్రం బడ్జెట్‌లో కొంత వృద్ధ కళాకారుల నిధికి తప్పనిసరిగా జమ కావాలి. సాయం దయగా కాక హక్కుగా అందాలి. నిర్మాతల మండళ్లు, నటుల సంఘాలు, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ పనికి పూనుకోవాలి. నాగయ్యకు వేసే దండ కన్నా అదే అసలైన నివాళి.